స్తంభం దగ్గర ఆగే బస్సు

1996 జూన్‌లో ఒక ఉదయం మారేడ్‌పల్లి స్టాపులో మొదట చంకకర్రతో ఒక స్త్రీ, ఆమె వెనుక నేను, నా వెనుక ముగ్గురు విద్యార్థులు నిలిచి ఉన్నాము. బస్సుల సర్వేకు వచ్చిన యువతి వరుసలో మొదటి వ్యక్తినే ముందుగా ప్రశ్నించింది.

“బస్సు ఇక్కడ ఆగుతుందా అమ్మా?”

“గా స్తంభం కాడ ఆగుతది బిడ్డా. ఉరికినోళ్లు ఎక్కుతరు. నేను కుంటుకుంట పోయేసరికి ఎల్లిపోతది.”

“రోజూనా?”

“వారంల మూడు దినాలు. గిది రాయకు.”

“ఎందుకమ్మా?”

“రోజూ గా డ్రైవరే. నా పేరు తెలిస్తే గాడ సుత ఆపడు. మౌలాలిల పని పోతది.”

“పేరు లేని ఫారం లెక్కలోకి రాదమ్మా. సార్, మీరూ చూస్తున్నారు కదా, మీ పేరు రాయనా?”

“నాకు బస్సుతో ఇబ్బందేమీ లేదు, నా పేరెందుకు?” అన్నాను.

“సార్‌కేం తక్లీఫ్? కాళ్లు మంచిగున్నయ్.”

మలుపులో హారన్ మోగింది. ఆమె చంకకర్ర సర్దుకుంది.

“అగో, వస్తుంది. జల్ది రాసుకో బిడ్డా. దేవమ్మ. కుంటి దేవమ్మ అని రాయి, గా డ్రైవర్‌కు తెల్వాలె.”

భయపడుతూనే తన పేరు రాయించిన దేవమ్మ గారి సాహసాన్ని, ఏ భయమూ లేకపోయినా పేరు చెప్పని నేను ఇందుమూలముగా సగౌరవంగా గుర్తిస్తున్నాను.