గొర్ల దొడ్డిల ఏడు సున్నలు

హలో… ఆఁ మెర్సీ, నేనే, నాగరాణినే. జర మెల్లగ మాట్లాడు. నీ గొంతు ఫోన్ల కెల్లి బయటికి ఇనవడ్తది.

… ఇంట్ల లేను. మా స్లాబు మీద వడ్ల బస్తాల సాటున కూసున్న. … ఎండ గాదు, ఏం గాదు. కిందికి పోతె నా మొఖం చూసి పట్టేస్తరు.

… పరీక్ష సోమవారమని నాకు తెల్వదా? … లే, హాల్ టికెట్ వచ్చింది. సిలబస్ గూడ అయింది. రియల్ అనాలిసిస్ పేరెత్తకే, ఇయ్యాల ఆ పేరింటెనే భయమైతాంది. … తప్పుతనని గాదు. వేరే.

చెప్పనీయ్. మధ్యల అడిగితె నాకు మాట రాదు.

మా చిన్నబాపు, వెంకన్న… ఆఁ, తాగినప్పుడల్ల నన్ను 'లెక్కల మేడమా' అని ఎక్కిరిచ్చేటాయన. నిన్న పొద్దుగాల ఆయన గొర్రెపిల్లలు మూడు సచ్చినయ్. … మూడు. మొన్న మంచిగ మేసొచ్చినయ్. తెల్లారేసరికి కాళ్లు సాపి పడున్నయ్.

… చిటుకు రోగమే మెర్సీ. మిరుగు కార్తెల తొలి వాన పడంగనె లేత గడ్డి లేస్తది గదా, అది కడుపునిండ మేసినయ్ గట్లనె పోతయ్. గొర్లోళ్ల ఇంట్ల పుట్టినదాన్ని, నాకు తెల్వదా? మా బాపు అన్నిటికి టీకాలేపిచ్చిండు. చిన్నబాపు ఏపియ్యలే. పశువుల డాక్టరు ఊర్లకొచ్చిన్నాడు తాగి పన్నడు. ఇప్పుడు ఆ మాట ఎవ్వరన్నా అన్నరా? అనరు.

… ఆగు, అసలు ముచ్చట ఇప్పుడొస్తది. దొడ్డి ఇద్దరన్నదమ్ములది ఒక్కటే. సచ్చిన పిల్లల పక్కన, నేల మీద, ఏడు సున్నలున్నయ్. ఎర్రగ, జాజుతోని గీసినయ్. ఒక్కొక్క సున్న నడుమ ఒక్కొక్క చింతగింజ.

… నవ్వకు. నీకు తెలుసు గనక నవ్వుతున్నవ్. ఊరికి తెల్వదు.

… ఆఁ. నేను గీసినయే. హైనె-బోరెల్ థీరమ్.

నువ్వే గదనే చెప్పినవ్, బట్టీ పడితె రాదు, గీసుకొని చూడుమని. … నిన్నంటలేను. నాకు నిజంగనె ఎక్కుతలేకుండె. గీత మీద ఎన్ని సున్నలు కప్పినా సరే, లెక్కలేనన్ని కప్పినా సరే, అండ్ల కెల్లి కొన్ని ఏరుకుంటె చాలు గీతంత మూస్తయ్ అని సార్ చెప్పి పోయిండు. ఎట్ల చాలుతయ్? నెల సంది నాకు గదే ఫికర్. మొన్న దొడ్లె పిల్లలకు కావలి కూసున్నప్పుడు నేల మీద తాడు పరిసిన. రెండు కొసలకు ముడులేసిన, కొసలు గూడ లెక్కల ఉన్నట్టు. గొర్లకు గుర్తులు పెట్టే జాజు అక్కడ్నే ఉంది. సున్న గీసుడు, నడుమ గింజ పెట్టుడు. ముప్పై దాక గీసిన. మల్ల అక్కెరలేనియి కాలితోని తుడుసుకుంట వచ్చిన. ఏడు మిగిలినయ్ మెర్సీ. ఏడింటికే తాడంత మూసుకపోయింది.

… ఎంత సంబురమైందో నీకెట్ల చెప్పాలె? ఒక్కదాన్నే గంతులేసిన. గొర్లు బెదిరి మూలకు వడ్డయ్.

… గా సంబురంలనే మరిసిపోయిన. తాడు సుట్టుకొని ఇంటికొచ్చిన. సున్నలు ఆడనె ఉన్నయ్.

ఇగ ఇను. కాటమయ్యను పిలిపిచ్చిన్రు. … పక్కూరాయన. దయ్యాలు ఇడిపిస్తనంటడు, తాయెత్తులు కడ్తడు. వచ్చి చూసి ఏమన్నడో ఎరికేనా? ఏడు సుట్లు, ఏడు పానాలు. మూడు పోయినయ్, నాలుగున్నయ్. ఇగ పోయేది గొర్లు గావు, మనుషులన్నడు.

… నాక్కూడ భయమైంది. నిజం చెప్తున్న. నా చేత్తోని నేను గీసిన, నా నోట్సుల ఉన్నదే గీసిన. ఐనా, నా సున్నలతోనే సచ్చినయా అని ఒక్క గడియ అనిపిచ్చింది. … తిట్టు. మంచిగ తిట్టు. గింత సదివి గిదేనా అని నన్ను నేనే తిట్టుకున్న.

… లే, నన్ను ఎవ్వరనుకుంటరు? చింతగింజలు చూసిన్రు. మా ఊర్ల చింతపండు కొట్టి గింజ తీసేది ఒక్కతే ముసలామె, మారెమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఊరి కొసకు ఒక్క అర్ర ఇల్లు. ఉరుమురిమి మంగళం మీద వడ్డట్టు, చేతబడి చేసిందన్న నింద పొయ్యి పొయ్యి ఆమె మీద వడ్డది.

… ఆ గింజలు ఆమె దగ్గర్నే తెచ్చుకున్న. అదే నన్ను తింటాంది. దోసెడు పోసింది మెర్సీ. ఎందుకు బిడ్డా అని గూడ అడగలే. ఇంకిన్ని కావాల్నా అని అడిగింది.

… ఇయ్యాల పొద్దుగాల ఆమెను గుంజుకొచ్చిన్రు. గ్రామ పంచాయితీ ముంగట జెండా కంబానికి కట్టేసిన్రు. ఈడికెల్లి కనిపిస్తాంది. తలకాయ కిందికేసుకుంది. కొంగు జారింది, సర్దుకుందామంటె చేతులు ఎనక కట్టున్నయ్. ఎవ్వరు సర్దుతలేరు.

… చేసిన, పోలీసులకు చేసిన. పేరు చెప్పకుంట చేసిన. బయలెల్లినమన్నరు. వాగు కాడ తొవ్వ కోసుకపోయింది, సుట్టు తిరిగి రావాలె, గంట పడ్తదట.

… సర్పంచ్ లేడు, హైద్రాబాద్ పోయిండు. మా బాపా? ఆడనె నిలవడ్డడు. చేతులు కట్టుకొని నిలవడ్డడు. తమ్ముని మాట కాదంటె ఇల్లు రెండైతదని ఆయన భయం ఆయనది.

… చెప్పొచ్చు. నోటితోని అనుడు అల్కనే. చెప్పినంక? డిగ్రీకి పోయి మంత్రాలు నేర్సుకొచ్చిందంటరు. నా పుస్తకం తెరిసిన్రనుకో, దాన్నిండ గవే. ఎప్సిలాన్లు, డెల్టాలు, తలకిందుల ఏ, ఎన్కకు తిరిగిన ఈ. గా కాటమయ్య రాసే తాయెత్తుకు, మన నోట్సుకు ఫరక్ ఏమున్నదని అడిగితె ఏం చెప్తవ్? చూసెటోని కండ్లతోని చూడు.

బాపు నన్ను హాస్టల్ల ఏసినప్పుడు ఒక్కటే మాటన్నడు. నీ మీద ఒక్క చెడ్డ మాట నా చెవుల వడ్డా సదువు బంద్, అన్నడు. పీజీ ఎంట్రెన్స్ రాసిన్నని ఇంక చెప్పనే లే ఆయనకు. అన్ని పోతయ్ మెర్సీ. సోమవారం పోతది, పీజీ పోతది. సదువు సంగతి అట్లుంచు, నన్నే కంబానికి కడ్తె?

… అందుకే నీకు చేద్దామనుకున్న, నువ్వే చేసినవ్. నువ్వు ఒక్క మాటను. పోలీసులొచ్చే దాక ఊకో అను. గంటనే గదా. నువ్వు అన్నవనుకో, నేను ఊకుంట. ఈ బస్తాల సాటునే ఉంట.

… అనవేందే?

… మెర్సీ?

… ఆగాగు. కాటమయ్య ఏదో అడుగుతుండు. చిన్నబాపు మా ఇంట్లకే ఉరుకొస్తుండు… కింద పనిముట్ల పెట్టె తీసిన సప్పుడైతాంది.

… పట్కారు. పట్కారు తీస్కపోతుండు.

… ఎందుకంటె, నోట్లె పండ్లుంటెనే మంత్రం సక్కగ పలుకుతదట. ముందటి పండ్లు పీకితె పలుకు తప్పుతది, మంత్రం పారదట. నిన్నటి సంది గిదే అంటుండు ఆ కాటమయ్య. ఊకెనే బెదిరిస్తుండనుకున్న. నిజంగ పీకుతరనుకోలే. ఎవరన్న మనుషులు గట్ల—

… ఏంది? … మెర్సీ, ఏడుస్తున్నవా?

… ఎవరికి?

… మీ అమ్మమ్మకా? సాలమ్మవ్వకు గూడ పీకిన్రా?

… ఎన్నడు? … నువ్వు పుట్టకముందా.

… మొన్నామధ్య నందికొండకు మీ ఇంటికొచ్చినప్పుడు నాకు చేపల పులుసు పోసుకుంట, నవ్వినప్పుడల్ల కొంగు అడ్డం పెట్టుకుంటుంటె నేను సిగ్గనుకున్న. నీకింత సిగ్గేందవ్వా అని ఎక్కిరిచ్చిన గూడ. … నువ్వు పక్కనె ఉన్నవ్, ఏమనలే. … చెప్పుకునేదా అది. అవు.

… ఊరంతనా? … ఆమె చెయ్యలేదని తెలిసినోళ్లు గూడ ఉండెనా?

… తెలిసి, చూసుకుంట నిలవడ్డరా.

… ఇగ చెప్పకు. సరె. చెప్పకు మెర్సీ, ఇన్న.

… లేసిన. దిగుతున్న. నువ్వు మాట్లాడుకుంటనే ఉండు, ఏదన్న మాట్లాడు. పెట్టెయ్యకు.

… జాజు డబ్బా పట్టుకున్న. నోట్సు గూడ. … అమ్మా, నన్ను ఆపకు. … వచ్చినంక చెప్త, ముందుగాల జరుగు. … అమ్మా, చెయ్యిడువు.

… వస్తున్న, వస్తున్న మెర్సీ, తొవ్వలున్న.

… జరుగుండ్రి. జర తొవ్వియ్యుండ్రి.

బాపూ.

బాపూ, దొడ్లె సున్నలు నేను గీసిన. మారెమ్మవ్వకేం తెల్వదు.

… మొన్న మాపటికి. పరీక్ష కోసం. … అబద్ధం ఎందుకాడ్త? గింజలు నేనే అడుక్కొచ్చుకున్న. … ఆమెను కాపాడి నాకేమొస్తది బాపూ? ఆమె నాకు సుట్టమా?

చిన్నబాపూ, ముందుగాల ఆ పట్కారు దించు. ఎన్క నన్నేమంటవో అను. … అను, పడ్త. ఆమె మొఖం కాడికెల్లి అది తియ్యి.

… రుజువు కావాల్నా? చూపిస్త. మీ అందరి ముంగట్నే గీస్త. … మెర్సీ, ఫోన్ జెండా గద్దె మీద పెడుతున్న, రెండు చేతులు కావాలె. నువ్వు ఇనుకుంట ఉండు.

గిది తాడనుకోండ్రి. గీడ ఒక కొస, గాడ ఒక కొస. … ఒకటి. … రెండు. … వంకర వోయింది. వంకర పోతె ఏం గాదు, దీనికి నడుస్తది. … మూడు. నాలుగు. … ఒకదాని మీదికి ఒకటి రావాలె, నడుమ సందు ఉండొద్దు. గంతే ఇండ్ల ఉన్నది. … మంత్రం గాదు కాటమయ్య తాతా, లెక్క. పుస్తకంల ఉంది, గిదిగో. సదివేటోళ్లు వేలమందున్నరు, అందరు సస్తున్నరా?

… ఐదు. ఆరు. ఏడు.

మంచిగ చూడుండ్రి, అవేనా? దొడ్లెవి, ఇవి ఒక్క తీరుగున్నయా లేవా?

… మనుషులు పోతరన్నవు గద తాతా. గింజ పెట్టే జాగల నేనే నిలవడ్త. … ఇగో. నిలవడ్డ.

… అందరు ఎన్కకెందుకు జరుగుతున్నరు?

… నాకేం గాలే. భయమైతాంది. మీ అందర్ని చూస్తె భయమైతాంది. దీన్ని చూస్తె గాదు.

… ఇంకో ఆరున్నయ్. ఎవరన్న రాండ్రి. … ఒక్కరు.

… ఎవ్వరు రారా?

… బాపూ. … బాపూ, చెప్పులెందుకు ఇడుస్తున్నవ్? గుడి గాదది. చెప్పులతోనే రా.

… నా పక్క దాంట్ల. ఆఁ. గట్లనె. … నీ చేతులు గూడ సల్లగున్నయ్ బాపూ.

… చిన్నబాపును ఏమనకు. పిల్లలు పోయిన బాధ ఆయనది. పట్కారు ఒక్కటి గుంజుకో. … ఆమె కట్లు ఇప్పు. నాకు యేళ్లు తిరుగుతలేవ్, ముడి గట్టిగ వడ్డది. నువ్వే ఇప్పు.

… మెల్లగ. చెయ్యి మొద్దువారింది ఆమెకు.

అవ్వా, నా మీద ఆనుకో. … కొంగు నేను సర్దుత. … నీళ్లు తెండ్రి ఎవరన్న. … అవ్వా, తప్పయింది. నిన్ననే చెప్పేదుండె. స్లాబు మీద దాసుకున్న. భయంతోని దాసుకున్న అవ్వా.

… హలో. మెర్సీ. ఉన్నవా? … ఆఁ, ఇప్పిన్రు. బాపు ఇప్పిండు. … లే, పోలీసు జీప్ ఇంకా రాలే. జనం పోలే, గట్లనె నిలవడి నా దిక్కే చూస్తున్నరు. … సోమవారమా? బాపు ఇంక ఏమనలే. ఏమంటడో తెల్వదు.

… సాలమ్మవ్వ పక్కనె ఉందా? అంత సేపటి సంది ఇంటుందా?

… ఇయ్యి. ఒక్కసారి ఆమెకియ్యి.

… అవ్వా, నేను నాగరాణిని. మొన్నామధ్య చేపల పులుసు తిని పోయిన పిల్లను. … అవ్వా, ఈడ పీకలే.

… పీకలే అవ్వా. … నేను చూసిన, దగ్గర్నుంచి చూసిన. ఒక్కటి గూడ పోలే.

… అవ్వా? … ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా? … అవ్వా, లైన్ కట్ కట్ అయితాంది, హలో… హలో…