ఎడం తలుపు పలకని కారు

ఏసోబు చెప్పాడు నాకు ఈ కథ, మొట్టమొదట. ఏసోబంటే పున్నారావుగారి కారు డ్రైవరు, ఇరవైరెండేళ్ళు ఆయన దగ్గరే చేశాడు. ఇంకెవరన్నా ఇంకో రకంగా చెబితే అది కథ కాదు, కూత. నేను సంతకం ఒక్కటే నేర్చిన వడ్రంగోణ్ణి గానీ, విన్నదాంట్లో ముక్క పోనివ్వను. రాసుకో మరి.

పున్నారావుగారికి మా పేటలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉండేది. ముందు లారీ క్లీనరంట, ఎట్టెట్టనో పైకొచ్చాడు. ఏనుగంత తెల్ల కారు కొన్నాడు. కొని, దాంట్లో సౌండు పెట్టించాలన్నాడు. మామూలు సౌండు కాదబ్బాయ్. కూతురి పెళ్ళిలో వాయించిన సన్నాయి మేళం రికార్డు చేయించి దాచుకున్నాడు. కార్లో కూచుంటే పందిట్లో కూచున్నట్టే ఉండాలంట. కుడిపక్క సన్నాయి, ఎడంపక్క డోలు. డోలు మీద పుల్లదెబ్బ టకీమని తగలాల. అదీ ఆయన కోరిక. సరే, హైదరాబాదు నుంచి చంద్రహాసని ఒకాయన్ని పిలిపించారు. ఆయన వచ్చి కారు తలుపులన్నీ ఊడదీసి, రేకు అదరకుండా లోపల తారు షీట్లు అంటించి, స్పీకర్లు బిగించాడు. డిక్కీలో బేసు పెట్టె మాత్రం నేను చేశా. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, మూలమూలకీ బంక, నీళ్ళు పోస్తే చుక్క కారదు. దాన్ని చూసి చంద్రహాసు ఏమన్నాడంటే, "ఏం తాతా, కోళ్ళగూడు చేశావా?" అన్నాడు. తొమ్మిదేళ్ళయింది ఆ మాటని. నేను మర్చిపోలా.

ఇంగ ఆయన కంప్యూటరు తీసి, సీటుకి మైకు కట్టి, ఒక్కో స్పీకరుకీ టైము పెట్టాడు. టైమంటే ఏందంటే, ఊరేగింపులో ముందొక డప్పు వెనకొక డప్పు ఒకేసారి కొట్టినా, నీకు దగ్గరున్నదే ముందు వినపడుద్ది గదా? అట్టాగే దగ్గర స్పీకరుని రవ్వంత ఆపి పంపాల. అప్పుడు అన్నీ కలిసి ఒకేసారి వచ్చి చెవిలో పడతయ్యంట. అంతా చేసి పున్నారావుగార్ని పిలిచాడు. ఆయన వెనక సీట్లో ఎడంపక్క కూచుని, మేళం మొత్తం విని, "డోలేదయ్యా?" అన్నాడంట. "ఉంది సార్." "కింద దడదడ తెలుస్తంది. పుల్లదెబ్బ లేదు." "ఉంది సార్, గ్రాఫు చూడండి." "నేను గ్రాఫు ఇనటానికి కొనలా." చంద్రహాసుకి కోపమొచ్చి పెట్టె సర్దుకుని పోయాడు.

అప్పుడొచ్చాడు నాగుల్‌మీరా. మా తాతలనాడే మైకుసెట్టు కట్టిన ఇల్లు వాళ్ళది. ఆటోనగర్లో షెడ్డు పెట్టుకుని కార్లకి సౌండు చేస్తాడు, నలభై ఏళ్ళోడు, మాట తక్కువ. వచ్చి కార్లోకి తొంగిచూసి ఒకే మాట అడిగాడంట. "ఏసోబూ, అయ్యగారు ఎప్పుడన్నా స్టీరింగు పట్టుకుంటారా?" "ఈ జన్మలో పట్టుకోరు. ఆయన తువ్వాలు చూడు, ఎక్కడుందో." తువ్వాలు వెనక ఎడం సీటు మీదుంది. చంద్రహాసు మైకు కట్టింది ఎక్కడ? డ్రైవరు సీటుకి! అదేమంటే పుస్తకంలో అట్టాగే ఉందంట. ఏసోబు నాతో అన్నాడు గదా, "మామా, వారం రోజులు పందిరి మొత్తం నా నెత్తి మీదే ఉంది. మీరాభాయ్ వచ్చి దాన్ని పీకి వెనకేశాడు" అని. చూశావా, సొమ్మొకడిది, సోకొకడిది. సరే, మీరా అన్నీ విప్పి, వెనక ఎడం సీటుకి తగ్గట్టు మళ్ళీ టైము పెట్టాడు. పెట్టి, నలుగురిలో అన్నాడంట, "ఈ డోలు పలికించకపోతే ఇంగ స్క్రూడ్రైవరు ముట్టను" అని. అనకూడదు అట్టాంటి మాట. అన్నాడు.

పున్నారావుగారు కూచున్నాడు, విన్నాడు. "పుల్లదెబ్బ లేదు సాయిబూ." మీరా తనే ఆ సీట్లో కూచుని విన్నాడు. పుల్లదెబ్బ ఎడం తలుపులోంచి టకీ టకీమని చెంప మీద కొట్టినట్టుంది! మళ్ళీ ఆయన్ని కూచోబెట్టాడు. "లేదు." మూడు రోజులు అదే తంతు అనుకో. ఆటోనగరంతా చూస్తంది, ముట్టననే మాట మీద ఉంటాడా లేదా అని. 

మూడోరోజు ఏమైందంటే, మిరపకాయల యార్డు గేటు దగ్గర కారు ఆగింది. ముందు సీట్లో మీరా, ఏసోబు. వెనక ఎడంపక్క ఆయన. ఒక దలాలీ వచ్చి ఎడం కిటికీ దగ్గర వొంగి, "నమస్తే అండి, సరుకు చూశారా?" అన్నాడు. ఆయన పలకలా. ఏసోబు దగ్గాడు. వెంటనే ఆయన అటు తిరిగి, "ఆ, చెప్పు" అన్నాడు. ఇంకొకడు ఎడంపక్క నుంచే పలకరించాడు. ఏసోబు దగ్గాడు, ఆయన తిరిగాడు. కుడిపక్క నుంచి ఎవరన్నా పిలిస్తే మాత్రం దగ్గు లేదు, గిగ్గు లేదు. ఆయన దిగి లోపలికి పోయినాక మీరా అడిగాడు. "జలుబా ఏసోబూ?" "లేదు." "మరి ఎందుకు దగ్గుతావు?" ఏసోబు స్టీరింగు తుడుచుకుంటా కూచున్నాడంట. ఎంతసేపు తుడుస్తాడు? చివరికి చెప్పాడు. క్లీనరుగా ఉన్నప్పుడు గాలి కొడతంటే లారీ టైరు పేలి ఆయన ఎడంచెవి పోయింది. పెళ్ళాం పిల్లలకి కూడా తెలీదు. ఎందుకు దాచాడంటావా? యార్డులో బేరం ఎట్టా జరుగుద్దో తెలుసుగా, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుంటా, ఇటొక గుసగుస అటొక గుసగుస. ఒక చెవి లేదని తెలిస్తే దలాలీలంతా ఆ చెవివైపే చేరి బేరం తేల్చుకోరూ?

మర్నాడు మీరా షెడ్డు తలుపేసుకున్నాడు. ఎడంపక్క రావాల్సిన డోలునీ, కుడిపక్క సన్నాయినీ కలిపి, రెంటినీ కుడిపక్క స్పీకర్లలోకి తెచ్చాడు. ఎడం తలుపు నోరు నొక్కేశాడు. పున్నారావుగారు వచ్చి కూచున్నాడు. మేళం మొదలైంది. ఆయన చెయ్యి తొడ మీదకి వచ్చింది, పుల్లదెబ్బకి పుల్లదెబ్బ తాళం వేసిందంట. అయిపోయినాక దిగి, "ఎవరితోనన్నా అన్నావా సాయిబూ?" అన్నాడు. "అనటానికేముందండీ? డోలు సన్నగా పలికింది, సరిచేశాను." అంతే. ఇద్దరూ ఇంగ ఆ ఊసెత్తలా.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆగదు గదా. ఆయన మనవడి పుట్టెంట్రుకలు కోటప్పకొండ కింద తీయించారు. కోపం చల్లారి చంద్రహాసు కూడా భోజనానికి వచ్చి, ఊరుకోక కారెక్కి మేళం పెట్టాడు. రెండు నిమిషాలకి ఇకఇకమని నవ్వుకుంటా దిగాడు. "ఎడం తలుపు చచ్చిపోయిందయ్యా! పాటంతా పక్కకి వాలింది, బస్సులో నిద్రపోయేవోడి తలకాయలాగా! ఎవడీ ఘనుడు?" జనం ఒక్కొక్కరే ఎక్కి వినటం, దిగి నవ్వటం. మీరా ఇస్తరి పట్టుకుని అక్కడే నిలబడున్నాడు. పున్నారావుగారి వంక చూశాడు. ఆయన ఒక్కమాట అంటే చాలు, "నాకు నచ్చినట్టు నేనే చేయించుకున్నా" అంటే చాలు. ఆయన కొండ వంక చూశాడు. వినపళ్ళేదేమో అంటావేమో. వినపడింది. నవ్విందంతా కుడిచెవి వైపే. అయినా ఏసోబు దగ్గాడు. ఆ దగ్గు నేనూ విన్నా.

ఆ నవ్వుతో మీరా షెడ్డుకి కార్లు రావటం మానేశాయి. స్క్రూడ్రైవరు వదల్లేదు, వదలాల్సిన పనీ లేదు, డోలు పలికించాడుగా. ఇప్పుడు దాంతో నీళ్ళ మోటార్లు విప్పుకుంటన్నాడు. చెవి సంగతి మాత్రం ఒక్కడికి కూడా చెప్పలా. పున్నారావుగారు పోయినాక, పెద్దకర్మ నాడు, ఏసోబు చెబితే నాకు తెలిసింది. చచ్చిన చెవికి ఇంగ బేరమేముంది, అందుకని చెబుతున్నా.

ఇప్పటికీ ఆటోనగరు షెడ్లల్లో పాట ఒక పక్కకి వాలితే "మీరా సెట్టింగురా" అని నవ్వుతారు. నాకు రాయటం రాదు. మీలో రాయగలిగినోడెవడన్నా ఆ మాట సరిచేయండి. మీరా సెట్టింగంటే కూచునే మనిషిని చూసి చేసిందని రాయండి. ఆ రోజు నవ్వినోళ్ళ పేర్లు కూడా రాయండి. మొదట చంద్రహాసు పేరు. దాని కిందది నాది.