ఏడు కొండపోతులు, ఒక్క తూటా

చనిపోయిన భర్త వేటకుక్కను తగినవాడికి ఇస్తానని బురుల్ అంది. అందుకే ఆ మధ్యాహ్నం సగినాలి ఆమె గుడారంలో కూర్చుని, పులిసిన గుర్రప్పాలు మూడో గిన్నె తాగుతూ మాట్లాడుతున్నాడు. ఎదురుగా ముసలి తోకోబాయ్. కుక్క గుమ్మం దగ్గర పడుకుంది.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదొదినా. పోయిన శీతాకాలం ఒక కొండమేకపోతుని కొట్టాను, అంతే. మూడొందల అడుగులు, అదేం దూరం. కాకపోతే అది నిటారు కొండకి మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది. నా దగ్గర ఉన్నది ఒక్క తూటా. గురి చూస్తుంటే కాలి కింద రాయి కదిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డావు," అన్నాడు తోకోబాయ్.

"పడ్డాను బాబాయ్, ఎక్కడ? దాని వీపు మీద. కొమ్ములు పట్టుకున్నాను. అది బెదిరి అవతలి కొండకి దూకింది. ఆ లోయ ఎంత వెడల్పంటే, సగం దూరం పోయేసరికి నాకు ఆకలేసింది. అవతల గట్టున ఇంకో ఆరు పోతులు వరసగా నిలబడి మమ్మల్నే చూస్తున్నాయి. గాల్లోంచే పేల్చాను. తూటా ఒకదాని కొమ్ముకి తగిలి ఇంకోదాని మీదికి, దాన్నుంచి మరోదాని మీదికి, ఆరూ పడ్డాయి. వెనక్కొచ్చి నా కింద ఉన్నదాన్నీ కొట్టింది."

"నీకు తగల్లేదా?"

"నా తూటాయే గదా, నన్నెరగదా."

"ఏడింటినీ ఎలా దించావురా?"

"మంచు దించింది. అవి పడ్డ బరువుకి కొండ మీది మంచంతా విరిగి జారింది. కొమ్ములకు కొమ్ములు తగిలించి పైన కూర్చున్నాను. దారిలో ఒక గద్ద నన్ను చూసి పక్కకి తప్పుకుంది. కిందికొచ్చి, టోపీ దులుపుకుని, టీ కాచుకుని తాగుతుంటే అప్పుడు వినిపించింది, పైన నేను పేల్చిన తుపాకీ మోత."

కుక్క చెవులు నిక్కించింది. సగినాలికి హుషారొచ్చింది.

"అంత మాంసం ఊళ్లో ఎవరూ చూడలేదే," అన్నాడు తోకోబాయ్.

"ఎలా చూస్తారు? వేట నుంచి దిగేవాణ్ణి ఎదురొచ్చినవాళ్లు వాటా అడిగితే కాదంటామా, మన ఆచారమాయె. దారి పొడుగునా జనమే. తలా ఒక తొడ ఇచ్చుకుంటూ వచ్చాను. ఇల్లు చేరేసరికి చేతులు ఖాళీ."

బురుల్ అతని గిన్నె నింపింది.

"మొదట ఎదురైంది నేనే సగినాలీ. ఏటి దగ్గర నీళ్లు పడుతున్నాను. చలికి ముఖానికి గుడ్డ చుట్టుకున్నాను, నువ్వు గుర్తుపట్టలేదు. వాటా అడిగాను."

సగినాలి తాగబోతున్న గిన్నె కింద పెట్టాడు.

"ఏమిచ్చాడు?" అన్నాడు తోకోబాయ్.

"సంచిలో ఒక్క రొట్టె ఉంది. విరిచి సగం నా చేతిలో పెట్టాడు. 'రెండు రోజుల్నుంచీ తిరుగుతున్నానవ్వా, ఊరికి ఎటు పోవాలి' అన్నాడు. అప్పటికి మన ఇళ్ల పొగ కనిపిస్తూనే ఉంది."

తోకోబాయ్‌కి నవ్వుతో పొలమారింది. సగినాలి లేచి టోపీ కోసం వెతుక్కున్నాడు. బురుల్ కుక్క తాడు విప్పి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఉన్న రొట్టెలో సగం ఇచ్చినవాడివి, దీన్ని పస్తు పెట్టవు," అంది. "ఇంటికి దారంటావా, అది చూసుకుంటుంది."