ఎంతకొస్తావ్?

(సాయంత్రం. వంటింట్లో తండ్రి గిన్నెలు తోముతున్నాడు. కూతురు అప్పుడే ఇంటర్వ్యూ నుంచి వచ్చింది.)

“...అంటే వచ్చినట్టేనా?”

“వచ్చినట్టే కాదు నాన్నా, వచ్చేసింది! స్టోర్సులో గుమాస్తా. సోమవారం నుంచి రమ్మన్నారు. ముందా గిన్నె కింద పెట్టు.”

“పెడతా, పెడతా. మా తల్లే! చిత్రం చూడు, నేనూ నీకో మాట చెబుదామనే కాచుక్కూర్చున్నా. సరే, ముందు నీదే కానీ. ఏమడిగారు?”

“ఏముంది, ఒక్కటే ప్రశ్న. ఎంతకొస్తావ్ అని.”

“ఎంత చెప్పావ్?”

“వెంటనే చెప్పలేదు. కాలేజీలో మా మేడం బోర్డు మీద గీత గీసి మరీ చెప్పింది. పని వెతుక్కునే ప్రతివాడికీ మనసులో ఒక కనీస జీతం ఉంటుందట. అంతకు తక్కువిస్తే వద్దనేసి ఇంకోచోట వెతుక్కుంటాడట.”

“ఇంకోచోటా! మీ మేడానికేం, ఉద్యోగముంది, ఎన్ని గీతలైనా గీస్తుంది. ఫ్యాక్టరీ మూసేసిన కొత్తలో నాకూ ఉండేదే ఆ గీత. దిగి దిగి ఇప్పుడు నేల మీద పాకుతోంది.”

“అబ్బా, విను. ఆ మేనేజరు లేడూ, బట్టతల...”

“పెన్ను కొరుకుతూ మాట్లాడతాడు.”

“నీకెలా తెలుసు?”

“ఆఁ... మేనేజర్లందరూ అంతేలే. చెప్పు, చెప్పు.”

“నాకంటే ముందు ఎవరో పెద్దాయన వచ్చి వెళ్ళాడట. బోలెడు అనుభవమట. ఆయన అడిగినదానికంటే తగ్గితే ఉద్యోగం నీదే అన్నాడు.”

“తగ్గావా?”

“తగ్గనూ మరి? రెండు వేలు తగ్గా. ఆయనకేం, ఇంట్లో తోచక కాలక్షేపానికి వచ్చుంటాడు... నాన్నా, కుళాయి కట్టెయ్, నీళ్ళు పోతున్నాయి.”

“కాలక్షేపానికి కాదే.”

“నీకేం తెలుసు?”

“ఏం లేదు. కాయితం ఏమైనా చేతికిచ్చారా?”

“సోమవారం ఇస్తారట. ఏంటలా ఉన్నావ్? నీకంటే ముందు నాకొచ్చిందనా?”

“ఛ, అవేం మాటలే!”

“మరి ఆ మొహమేంటి? ఇందాక ఏదో చెబుతానన్నావుగా, అదేంటో చెప్పు.”

“వద్దులే.”

“చెప్పకపోతే నా మీద ఒట్టే.”

“పొద్దున కళ్ళ డాక్టరు దగ్గరికని వెళ్ళానే... డాక్టరు దగ్గరికి కాదు. ఇంటర్వ్యూకి. ఇదీ రాకపోతే నీ ముందు తలెత్తుకోలేనని చెప్పలేదు.”

“ఎక్కడ?”

“ఎక్కడైతే ఏంలే.”

“నాన్నా, ఎక్కడ?”

“నువ్వెళ్ళిన చోటే.”

“అయితే ఆ పెద్దాయన... అయ్యో! నాకు తెలీదు నాన్నా, నిజంగా తెలీదు. నీ నోటికాడి కూడు నేనే లాగేశానా?”

“నువ్వు లాగలేదమ్మా. ఏడవకు. నువ్విటు బయల్దేరగానే ఆ మేనేజరు నాకు ఫోన్ చేశాడు. ఎవరో పిల్ల మీకంటే రెండు వేలు తక్కువకే వస్తానంటోంది, ఇంకా తగ్గుతారా అన్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“ఇంకో వెయ్యి తగ్గుతాను, ఆ పిల్లని రావద్దని చెప్పండి అన్నాను.”