ముట్టుకోని పుస్తకం

1944. మదనపల్లెలో ఒక క్షయ వార్డు. వరండా కటకటాలకు ఇవతల తమ్ముడు నిలబడి ఉన్నాడు. అవతల మంచం మీద అక్క.

“అక్కా, నీ నవల అచ్చయి వచ్చిండాది. ఇదో, సూడు.”

“ఒకటేనా?”

“ఇప్పటికి ఒకటే. యుద్ధం కదా, కాయితం దొరికినాక మిగిలినవి వేస్తారంట. అట్ట మీద నీ పేరు కనపడతాండాదా?”

“కనపడతాండాది. ఎవరిదో పేరు మాదిరి ఉండాది.”

“సంతోషంగా లేదా?”

“ఏమో అప్పా. ఏమీ అనిపించలేదు.”

“సేతికి తీసుకో, అనిపిస్తాది.”

“వద్దు. రోగి ముట్టిన కాయితాన్ని బయటికి పోనీరు, ఈడనే కాల్చేస్తారు. కతంతా నేను సెప్తాంటే నువ్వు ఆడ నిలబడి రాసుకునింది అందుకే కదా.”

“నర్సమ్మ లేదులే. ఒక్కసారి పట్టుకో.”

“రేపు పుంగనూరుకు పొయ్యి, దాన్ని అమ్మ సేతిలో పెట్టు.”

“అమ్మకు సదవను రాదు కదక్కా!”

“అందుకే. నాకు సదవను వస్తాది, ఈడ్నించి సూస్తే సాలు. అమ్మ తడిమి సూడాల.”

“సరేక్కా. ఇదో, మొదటి పేజీ తెరిచి పట్టుకుంటా, ఆడ్నించే సదువుకో.”

“ఇంగ పేజీ తిప్పప్పా.”