వరుసలో చివర నిలబడిన సిస్టరమ్మగారు

1983 జులై నాలుగో తేదీ ఉదయం, మెట్ల కింద ఒక బల్ల, ఒక తెల్లని తెర, సిరంజిలు మరిగించే స్టవ్వు తప్ప మరేమీ లేని గదిలో, మన కళాశాల ఆరోగ్య కేంద్రానికి తొలి నర్సుగా బాధ్యతలు స్వీకరించిన సిస్టరమ్మగారు, ముప్పై ఆరు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది. మనందరి నోటా నానిన పేరు మాత్రం ఇదొక్కటే.

ఆ రోజుల్లో పరీక్షల కాలం వచ్చిందంటే ఆ గది ముందు తలనొప్పులూ కడుపునొప్పులూ బారులు తీరేవట. ఎవరిది నిజమైన నొప్పో, ఎవరిది చదవని పాఠమో నాడి పట్టకుండానే వారు చెప్పేసేవారని, నాడు విద్యార్థులై నేడు ఇక్కడే అధ్యాపకులైన పెద్దలు ఇప్పటికీ నవ్వుతూ తలుచుకుంటారు. స్టవ్వు పోయింది, గాజు సిరంజిలు పోయాయి, మెట్ల కింది గది చీపుర్లకు దక్కింది. కేంద్రం రెండు గదుల భవనంలోకి మారినా, సూది గుచ్చినట్టే తెలియనివ్వని ఆ చేతి మెత్తదనం మాత్రం మారలేదు.

ఈ వ్యాసం రాస్తున్న ఆయా, తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయి, చంటిబిడ్డను చంకనేసుకుని ఆ కేంద్రంలో పనికి చేరింది. బిడ్డ తుమ్మితే చాలు, గుండె చేత్తో పట్టుకుని సిస్టరమ్మగారి దగ్గరికి పరుగెత్తేది.

"తుమ్ము వాడికి, వణుకు నీకు. మందు ఎవరికి వెయ్యమంటావు పిల్లా?" అనేవారు. అని ఊరుకోలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని రిజిస్టరు రాయడం నేర్పించారు.

వారి సేవలన్నిటిలో చిరస్మరణీయమైనది క్యాన్సర్ అవగాహన శిబిరం. వారి మాతృమూర్తి రొమ్ములో గడ్డను సిగ్గుతో దాచుకుని, చేయి దాటాక చెప్పి, కన్నుమూశారు. ఆ దుఃఖంలోంచి పుట్టిన సంకల్పమిది. మొదటి ఏడు సభామందిరం ముంగిట బ్యానర్లు కట్టించి, పెద్దాసుపత్రి నుంచి డాక్టరమ్మను రప్పించారు. ఉపన్యాసానికి హాలు నిండింది. పరీక్షకు మాత్రం, నలుగురి కళ్లముందూ తెర వెనక్కి నడవడానికి ఏ ఆడపిల్లకూ కాళ్లు రాలేదు. వచ్చింది గేటు కాపలాదారు ఒక్కడే. అతను బీపీ చూడమన్నాడు.

మరుసటి ఏడు వారు ఆ తెరను గ్రంథాలయం వెనక గదిలో కట్టించారు. పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినట్టే వచ్చి, పరీక్ష చేయించుకుని, గుట్టుగా వెళ్లిపోవచ్చునని తరగతి తరగతికీ తిరిగి చెప్పారు. ఒకే వ్యాకరణ పుస్తకాన్ని ఒకే పూటలో పద్నాలుగు మంది మోసుకొచ్చారని లైబ్రేరియనుగారు తల పట్టుకున్నారు. భౌతికశాస్త్రం చంకన పెట్టుకుని హాస్టలు వంటమ్మ కూడా వచ్చేసరికి ఆయనకు సంగతి అర్థమై, కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు.

నాలుగో ఏడు రిజిస్టరు రాస్తూ ఆయా పాత పేజీలు తిరగేసింది. అందరి పేర్లూ ఉన్నాయి, సిస్టరమ్మగారిది తప్ప. ఏటా "నేను ఆఖర్న చూపించుకుంటాలే" అనడం, ఆఖరు వచ్చేసరికి డాక్టరమ్మ కారెక్కడం. ఆ సాయంత్రం కూడా డాక్టరమ్మ సంచీ సర్దుకుంటున్నారు. ఉద్యోగం ఊడుతుందేమోనని భయపడుతూనే, ఆయా ఆ పేరు రాసి, పైకి చదివింది.

"నా పేరు రాసే చనువు నీకెవరిచ్చారే?"

"రాయడం మీరే నేర్పారు కదండీ."

వారికి కోపం వచ్చింది. తలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"మా అమ్మను చూశాను పిల్లా. నాకూ ఉందంటే, ఇంటికెళ్లి మా అమ్మాయికి ఏమని చెప్పను?"

"చెప్పడానికైనా మీరుండాలి కదండీ."

వారు లేచి, గ్రంథాలయంలో అప్పటికి పిట్ట మనిషి లేకపోయినా, బల్ల మీది పుస్తకం ఒకటి గుండెకు హత్తుకుని తెర వెనక్కి నడిచారు.

పెసరగింజంత గడ్డ. ఇంకో ఏడాది ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ అన్నారు. శస్త్రచికిత్స, ఆరు నెలల మందులు, రాలిన జుట్టు. వారి శ్రీవారు రోజూ ఫ్లాస్కుతో ఆసుపత్రి వరండాలో కూర్చునేవారు. తలకు నూలు రుమాలు కట్టుకుని తిరిగి విధుల్లో చేరిన నాడు, సభామందిరం వేదిక ఎక్కి, ఎందరికో ధైర్యం చెప్పిన మనిషిని, నేనే అందరికన్నా పిరికిదాన్నయ్యానని వారు ఒప్పుకున్నారు. ఆ మధ్యాహ్నం శిబిరం లేకపోయినా ఆరుగురు ఆడపిల్లలు కేంద్రానికి వచ్చి, డాక్టరమ్మ ఎప్పుడొస్తారని అడిగారు.

పోయిన నెల పరీక్షలో ఏ దోషమూ కనబడలేదు. ఆ మాట విని వారి అమ్మాయి వరండాలోనే కూర్చుని ఏడ్చింది.

సిస్టరమ్మగారూ, ఇకపై శిబిరానికి మిమ్మల్ని అతిథిగా పిలవం. వరుసలోకి రండి. మొదటి పేరు మీదే రాసి ఉంచుతాం. మీ జుట్టు వెండిలా నెరిసి, మనవలు చేయి పట్టి నడిపించుకొచ్చే వయసు వచ్చేదాకా, "ఇంకా ఎన్నేళ్లు పిలుస్తావే నన్ను" అని మీరు విసుక్కునేదాకా, ఏటేటా ఆ పేరు పిలిచే భాగ్యం మాకు దక్కాలని, పిలిచిన ప్రతిసారీ మీరు పలకాలని మనసారా కోరుకుంటున్నాం.