ఒక్క హౌదు

వడ్డించొద్దని చెప్తాండాను గదమ్మా సరోజినమ్మా. తినేదానికి రాలేదు నేను. ఆ విస్తరి తీసెయ్యి. ఇట్ల వచ్చి కూర్చో, నీతో మాట్లాడల్ల.

ఏం ఆఫీసులమ్మా అవి. పొద్దున తొమ్మిదికి పోతి. ఈ కిటికీ కాడ అడిగితే ఆ కిటికీకి పొమ్మంటారు, ఆడికి పోతే సాహెబ్రు ఇంకా రాలేదంటారు. 'కూతుకొళ్ళి అజ్జా', కూర్చో తాతా అని మర్యాదగా కుర్చీ చూపిస్తారు, చూపించినోడు చాయ్ తాగను పోతాడు. డెబ్బై రెండేండ్లోన్ని, నా మోకాళ్ల సంగతి వాళ్లకేం తెలుసు?

అది పోనీ. ముందు ఆ రాసుకున్న గుమాస్తా సంగతి చెప్తా విను. చిన్న రైలు గురించి కల్యాణ మంటపంలో మీటింగు పెట్టిరి గదా, ఆ దినం టేబులేసుకొని అందరి మాటా కన్నడంలో రాసుకునె చూడు, కండ్లద్దాలాయప్ప. ఆయప్పకు తెలుగు ఒక్క ముక్క రాదు. ధారవాడ పక్కోడంట.

నువ్వు మైకు పట్టుకొని ఏమంటివి? 'మా సందులో ఈ లైను ఆగాలి' అంటివి. నేను నీ పక్కనే ఉండా, నా చెవులతో విన్నా. ఆయప్ప ఏమి రాసె? 'ఆగలి' అని రాసె. కన్నడంలో ఆగలి అంటే ఏందో నీకు తెలుసునా? జరగనీ అని. కానియ్యండి అని. నువ్వు ఆపమంటివి, ఆయప్ప కానిమ్మని రాసె.

ఒక్క దీర్ఘం, అంతేనమ్మా తేడా. కింద నువ్వు తెలుగులో చక్కగా సంతకం పెడ్తివి. పైన ఏముండాదో నీకెట్ల తెలుస్తాది?

మా పక్క మాటలో 'ఆగల్ల' అని ఉన్నా బతికిపోతుంటివి. ఆగల్ల అంటే కన్నడమోళ్లకు జరగదు అని. సరిగ్గా కూర్చుంటుండె. కంప్లి పక్క ఆంధ్రోళ్ల క్యాంపు నుంచి బళ్లారికి వచ్చి ముప్పై ఏండ్లాయె, నీ కోస్తా తెలుగు మాత్రం పోలేదు. తప్పని అనడం లేదులే.

మీటింగులో ఎవరేమన్యారో రాసి అంటించిన నోటీసు చూసినావా? చూసింటావు, ఎవరో ఒకరు తెచ్చి మొగాన పెట్టింటారు. 'పర' అని ఒక పక్క, కావాలన్నోళ్లు. 'విరోధ' అని ఒక పక్క, వద్దన్నోళ్లు. ఈ సందు నుంచి ఇరవై ముగ్గురు మాట్లాడితే ఇరవై రెండు పేర్లు విరోధలో ఉండాయి. పరలో ఒక్క పేరు. సరోజినీదేవి, మెస్సు.

ఇరవై రెండుంటే చాలదా అంటావా? చాలదమ్మా. మీటింగు పెట్టిన ఆ ఆఫీసరు మేడమ్ ముందే చెప్పె గదా. సందు సందంతా ఒక్క మాట మీద ఉంటే మ్యాపులో ఈ సందు మీద గీసిన ఎర్ర గీత వదిలేసి పక్క దోవ చూస్తామనె. ఇప్పుడు కాగితంలో ఏం రాసుకున్నారు? 'స్థానికుల్లో ఏకాభిప్రాయం లేదు.' కాబట్టి లైను ఈడనే. ఈ జీన్స్ కుట్టే షెడ్లన్నీ పోతాయి, నీ మెస్సూ పోతాది. నీ ఒక్క పేరు చూపించి.

అందుకేనమ్మా నీ బల్లలు ఇట్ల ఖాళీగా ఉండేది. ఒంటిగంటకు ఈడ కాలు పెట్టను జాగా ఉండేది కాదు. ఎనిమిది దినాలాయె, ఎవరూ రావడం లేదు. నాకు కనపడలేదనుకుంటివా? ఆ ఎదురు షెడ్డులో దారాలు కత్తిరించే ఉచ్చెంగమ్మ, నీ చేతి పప్పు తిని పదేండ్లు బతికిన మనిషి, కుళాయి కాడ ఏమంటాదో తెలుసునా? మెస్సమ్మకు టేసన్లో క్యాంటీను ఇస్తామన్యారంట, ఇంక మనమెందుకు గుర్తుంటాము అంటాది.

నేను ఆడనే ఉంటి.

మీటింగుకు ముందు ఎంత నవ్వుకుంటిమి. లైట్ రైలంటే ఏందని అడిగితే మీ సందు హులిగప్ప చెప్పె గదా, బరువు లేని రైలంట, మన ఇండ్ల మీద పెట్టుకొని పోతారంట అని. నువ్వు నవ్వి నవ్వి సాంబారు గంటె వదిలేస్తివి. మంచిగుంటిమి.

నువ్వు ఆ దినం కన్నడంలోనే బేడ, వద్దు, అంటానంటివి. నీకొచ్చిన నాలుగు కన్నడం మాటల్లో అదొకటి. బేకు, బేడ, సాకు, ఎష్టు. 'బేడ అని చెప్పి దిగుతా రామసుబ్బప్పా, ఇంకేం కావల్ల' అంటివి. వద్దంది ఎవరు? నేనే. పెద్ద ఆఫీసరు ముందర ఆ విరిగిన కన్నడం ఏంటికి, నీ భాషలో దర్జాగా చెప్పు, నేను పక్కన నిలబడి కన్నడంలో పెడతా అంటి. పెద్దరికం. మన పోరాట సమితి అధ్యక్షుణ్ణి గదా.

గుర్తుండాదా, రోడ్డు వెడల్పని బుల్డోజరు తెచ్చిన కాలం. పదకొండు దినాలు దాని ముందర కూర్చుంటిమి. నేను పక్క రోడ్డోన్ని, నా ఇల్లు పోయేది గూడా కాదు అప్పుడు. అయినా కూర్చుంటి. పోలీసులు ఎత్తుకపోయి హగరి ఏటి కాడ వదిలేస్తే నడిచి వచ్చి మళ్లీ కూర్చుంటి. నువ్వు పదకొండు దినాలూ ఉప్మా వండి గంప నెత్తిన పెట్టుకొని తెస్తివి. అప్పటి నుంచే గదా వీళ్లకు నా మాటంటే మాట. రామసుబ్బప్ప నిలబడితే భూమి నిలబడినట్లే అంటారు. నేనూ నమ్మితి ఆ మాట.

ఏంది అట్ల చూస్తావు? చెప్తాండా. దానికే వచ్చినా.

అప్పుడు నా ఇల్లు పోయేది కాదంటి గదా. ఇప్పుడు పోతాది. మంటపంలో మ్యాపు తగిలించింటిరి. అందరూ ఎర్ర గీతే చూస్తిరి, ఈ సందు గీత. పక్కన సన్నగా పచ్చ గీత ఒకటుండె. మీటింగు మొదలయ్యే ముందు దగ్గరికి పోయి కండ్లద్దాలు ఎత్తి చూస్తి. మీరు గెలిస్తే వాళ్లు చూస్తామన్న పక్క దోవ అదే. మా లారీ షెడ్ల రోడ్డు. నా ముందరి రెండు రూములు, పంచ, లారీ నిలిపే జాగా, అన్నీ దాని కింద ఉండె.

తారానగర్ గనుల పక్క ఇనుప ఖనిజం లారీ తోలి కట్టుకున్న ఇల్లది. ఉమ్మేస్తే ఎర్రగా పడేది ఎంగిలి. ఇరవై ఏండ్లు. మా ఇంటామె నాగలక్ష్మమ్మ ఇటుకలు తడిపింది తన చేతులతో. ఇదంతా నీకెందుకు చెప్తాండా? సాకులు. నీ మెస్సు గాలిలో కట్టినావా నువ్వు?

ఎవరికీ చెప్పలేదు ఆ పచ్చ గీత సంగతి. వచ్చి నీ పక్కన నిలబడితి.

ఆ గుమాస్తాకు అనుమానం వచ్చిందమ్మా. అది చెప్పలేదు నీకు ఇందాక. ఆయప్ప తప్పు లేదు. నీ మొగం చూసె, కోపంగా ఉండె నీ మొగం. ఈ మొగానికి ఆ మాట కుదరలేదు ఆయప్పకు. కలం ఆపి మేడమ్ దిక్కు చూసె. మేడమ్ నా దిక్కు తిరిగె. చిన్న వయసు, ఎంత మర్యాదనుకుంటివి.

"ఆగలి అంతానా హేళిద్దు, హిరియరే?" అనె. కానియ్యండి అనేనా ఈమె చెప్పింది, పెద్దాయనా అని.

నిల్లబేకు. అంతే నేను చెప్పాల్సిండేది. ఆగిపోవాలంటాది ఈమె అని. నా నాలుక మీదనే ఉండె ఆ మాట. లెక్క పెట్టినట్లు చెప్పగలను, ఎంతసేపు ఉండెనో. నువ్వు నా దిక్కు చూసి తల ఊపితివి, సరిగ్గా చెప్తాడులే అని.

"హౌదు," అంటి. అవునని.

నువ్వు నవ్వుకుంటా దిగిపోతివి. నాకు దండం గూడా పెడ్తివి.

ఆగు, ఇంకా ఉండాది. ఇంకా అసహ్యమైంది ఉండాది. నోటీసు అంటించినాక సందులో అందరూ నీ మీదికి లేస్తే నేనేం చేసినానో తెలుసునా? అడ్డం పడితి. 'పోనీలేప్పా, ముసిల్ది తెలీక అన్యాది, వదిలెయ్యండి' అంటి. హులిగప్ప నా చేతులు పట్టుకొని, నీ అంత పెద్ద మనసు మాకు రాదు అనె. ఆ మాట తిని ఇంటికి పోయి అన్నం తింటి. బాగనే తింటి.

తిట్టు. ఏదో ఒకటి అను.

దిద్దుకొనేదానికి ఈ దినమే ఆఖరు, సాయంత్రం ఐదు గంటల దాకా. ఆ దినం నీ మాట కన్నడంలో చెప్పినోడు వచ్చి సంతకం పెడితే నీ పేరు అటు నుంచి ఇటు రాస్తారు. పొద్దున పోయింది దానికే. నిజం. రెండు గంటలు కూర్చుంటి, నా వంతు వచ్చె. 'ఏను బేకు అజ్జా', ఏం కావల్ల తాతా అని అడిగె. నోరు తెరిస్తి. కుళాయి నీళ్లు రెండు దినాలుగా రావడం లేదని చెప్పి లేచి వచ్చేస్తి. అది ఈ ఆఫీసు కాదజ్జా అనిరి. అవును, ఈ ఆఫీసు కాదు అంటి.

ఇప్పుడు మూడయ్యింది. పోవచ్చు. ఆటోలో పదినిమిషాలు.

నువ్వొస్తావా నాతో? వద్దులే. నువ్వు పక్కనుంటే చెప్పాల్సొస్తాది.

నువ్వే చెప్పు సందులో. రామసుబ్బప్ప వచ్చి, ఈ బల్ల మీద కూర్చొని, తన నోటితో ఒప్పుకున్యాడని చెప్పు. ఉచ్చెంగమ్మకు చెప్పు మొదట. నమ్మదు. నీ తప్పు పెద్దాయన నెత్తిన రుద్దుతాండావా అంటాది. హులిగప్పయితే మొగం గూడా చూడడు నీది.

అది నాకు తెలుసు సరోజినమ్మా. తెలిసే నీ కాడికి వచ్చినా.

ఆ ఆఫీసులో చెప్తే రాసుకుంటారు.